ఏటవాలు మెట్టలపై ఆచ్ఛాదన సస్యములు: శ్రీకాకుళ, విజయనగర మండలములు

నేలపై పఱచుకొని గాని, గుబురు కట్టి గాని, వానచినుకునకును మట్టికిని నడుమ పచ్చని తెరవలె నిలిచి, మట్టిని కదలనీయని పొట్టి మొక్కలను, తీగలను, గడ్డిజాతులను ఆచ్ఛాదన సస్యములందురు. పంటకొఱకు గాక నేలకొఱకు పెంచబడు మొక్కలివి. వీనినుండి చీపురో, మేతయో, కాయయో లభించినచో అది కొసరే గాని అసలు గాదు. సమతలమైన తోటలో వీనిని పెంచుట సులభము. గంపెడు విత్తనము చల్లి రెండు వానలు పడనిచ్చిన చాలును. ఏటవాలుగ నున్న ఎండుకొండపై మాత్రము విత్తనము మొలకెత్తుటకు ముందే కొట్టుకొనిపోవును, మొలచినది వేరూనుటకు ముందే ఎండిపోవును, వేరూనినది గుబురు కట్టుటకు ముందే మేక నోటబడును. ఈ మూడు గండములను దాటించు ఉపాయములే ఈ వ్యాసమునకు విషయము.

తూర్పు కనుమలు సముద్రమునకు మిక్కిలి చేరువగ వచ్చు ఉత్తరాంధ్రమున ఇట్టి వాలులకు కొదువ లేదు. ఒడిశా సరిహద్దునకు ఆవల మహేంద్రగిరి 1,501 మీటర్ల యెత్తున నిలిచియుండగా, దాని దాపునుండి పాతపట్నము, సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సాలూరు మీదుగ శృంగవరపుకోట వఱకు కొండల వరుసలు సాగుచు, వంశధార, నాగావళి, సువర్ణముఖి, చంపావతి, గోస్తని నదులకు లెక్కకు మిక్కిలియైన గెడ్డలను అందించుచున్నవి. ఈ కొండభాగమున చాలవఱకు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురం మన్యము జిల్లాలో చేరినను, ఇచట పూర్వపు మండలముల, అనగా జిల్లాల, పేళ్ళతోనే వ్యవహరించుట అనుకూలముగ నుండును; ఏలయనగా మట్టి, వాన, గెడ్డ జిల్లా సరిహద్దుల నెఱుగవు. కొండవాలున గడ్డి పోయినచో ఆ నష్టము కొండమీదివానిది మాత్రమే కాదు, క్రింద చెరువు పూడిన రైతుది కూడ.

నేల స్వభావము: ఈ కొండలలో హెచ్చుభాగము ఖొండలైటు అను శిలతో నేర్పడినది. ఒడిశా కొండలలో నివసించు ఖోండుల పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు దీనికీ నామము పెట్టిరి. ఎఱ్ఱని గార్నెట్టు గింజలును, సూదులవంటి సిల్లిమనైటును, అచ్చటచ్చట నల్లని గ్రాఫైటు పలుకులును గల ఈ రాయి చూచుటకు దృఢముగ నున్నను, వానకు ఎండకు శతాబ్దముల తరబడి లోనై, చేతితో నలిపిన పొడియగునంతటి మెత్తని ఎఱ్ఱమట్టిగ మాఱును. అందుచే పలుచోట్ల కొండవాలుపై జానెడు మట్టి, దానిక్రింద నిలువులోతున సగము కుళ్ళిన రాయి, దానికిని క్రింద గట్టి శిల అను వరుస కానవచ్చును. ఈ కుళ్ళిన రాయి మన విషయమున మిత్రమును, శత్రువును కూడ. పగుళ్ళగుండ వేరును లోతునకు పోనిచ్చును గనుక మిత్రము; నీటిని అమితముగ త్రాగినప్పుడు బరువెక్కి చరియగ జాఱును గనుక శత్రువు. కొత్తవలసనుండి కిరందూలునకు 1960 దశకమున వేసిన రైలుమార్గము శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండల నెక్కుచోట, వానకాలమున చరియలు జాఱుటకు ఈ శిలాస్వభావమే ముఖ్యకారణము.

మైదానమునకు చేరువగ గరువు భూములనబడు ఎఱ్ఱని, గులకతో కూడిన మెరకలున్నవి. వానిపై మట్టి పలుచన, సేంద్రియపదార్థము స్వల్పము. నీరు త్వరగ ఇంకును, అంతకంటె త్వరగ ఆవిరియగును. గరివిడి, గర్భాము ప్రాంతములలో మాంగనీసు గనులనుండి తవ్వి పోసిన దిబ్బలు మఱియొక రకపు వాలులు. అవి మట్టియని చెప్పదగినవి గావు, రాతిపొడి గుట్టలు మాత్రమే. రామతీర్థమున నున్నట్టి బోడికొండలపై అసలు మన్నే లేదు. అట్టిచోట పగులులో తనంతట తాను మొలచిన మొక్కను కాపాడుటకంటె మనుష్యుడు చేయగలది మఱేమియు లేదు. శిలపై మట్టిమోసి పోసి గడ్డి నాటించు వేడుక నొకటి రెండు చోట్ల చూచితిని; తొలి గాలివానకు ఆ మట్టి మోసినవారి యింటి ముంగిటకే తిరిగి వచ్చినది.

వాన, ఎండ: ఇది అనావృష్టి ప్రాంతము గాదు. సాలున సుమారు 1,000 మిల్లీమీటర్లకు మించిన వాన ఇచట కురియును. అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వీచు నైరృతి ఋతుపవనములవలన, సుమారు నాలుగవ వంతు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చు వాయుగుండములవలన లభించును. ఇంత వానగల దేశమున కొండవాలు ఎడారివలె ఎండుటకు కారణము వాన లేమి గాదు, వాన నిలువలేమి. ఎకరము నేలపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో 40,000 లీటర్ల నీరు పడినట్లు. వాలు నిటారైన కొలది ఈ నీటి పరుగు హెచ్చును, పరుగు హెచ్చిన కొలది అది మోయగల మట్టియు హెచ్చును. అంతకుముందే, చినుకు నేలను తాకిన క్షణముననే, మఱియొక హాని జరుగును. అయిదు మిల్లీమీటర్ల చినుకు సెకనునకు సుమారు 9 మీటర్ల వేగమున వచ్చి బోడినేలను కొట్టినప్పుడు మట్టికణములు చెదరి యెగిరి వాలువెంట క్రిందికే ఎక్కువగ పడును. చెదరిన సన్నని కణములు మట్టిరంధ్రములను మూసి పైన పెచ్చు కట్టించుటచే తరువాతి నీరు ఇంకక జాఱిపోవును. చినుకు కొట్టు దెబ్బ ఎంతటిదో 1940 దశకమున అమెరికాలో ఎల్లిసన్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో నిరూపించు వఱకు, ప్రవాహమే ముఖ్యదోషియని పలువురు తలచియుండిరి. ఆకు కప్పు చినుకు బలమును విఱుచును, కాండము ప్రవాహపు పరుగును ఆపును, వేరు మట్టిని పట్టును. ఈ మూడింటిలో మొదటిది నేలకు అంటియున్న పొట్టిమొక్కకే సాధ్యము. ఎత్తైన చెట్టు ఆకుల చివరనుండి జాఱు పెనుచినుకు, క్రింద నేల బోడిగ నున్నచో, ఆకాశమునుండి పడిన చినుకునకు తీసిపోని దెబ్బ కొట్టును. తోపు పెంచిన చాలును, కొండ నిలుచుననువారు ఈ సంగతి మఱచుచుందురు.

ఎండ విషయమున పాశ్చాత్య గ్రంథములు చెప్పు సూత్రమొకటి ఇచట చెల్లదు. దక్షిణపు వాలు వేడిది, ఉత్తరపు వాలు చల్లనిదియని ఆ గ్రంథములలో వ్రాయబడియుండును. శ్రీకాకుళము 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైనున్నది. సూర్యుడు మే నెల నడుమ ఒకమాఱును, జూలై కడపటికి మఱియొకమాఱును ఇచట నడినెత్తికి వచ్చును, ఆ రెంటి నడుమ మధ్యాహ్నవేళ ఉత్తరముననే యుండును. కావున రోహిణి కార్తె ఎండకు ఉత్తరపు వాలు కూడ మాడును. దక్షిణపు వాలునకు ప్రత్యేకముగ కీడు కలుగునది శీతకాలమున. వానల చివర మిగిలిన తడిని అది సంక్రాంతి నాటికే కోల్పోవును. అన్నిటికంటె కఠినమైనది పడమటి వాలు: నేల, గాలి ఉదయమంతయు కాగిన పిమ్మట సాయంకాలపు ఎండ దానికి సూటిగ తగులును. మొక్కల ఎంపికకు ముందు కొండ యే దిక్కు చూచుచున్నదో చూడవలయునని చెప్పుట ఇందులకే.

మొక్కల ఎంపిక: తొలుత ఆ కొండపైననే ఇంకను మిగిలియున్న మొక్కలను చూడవలెను. వేసవి కడపట, పశువులు తిరిగిన బోడివాలుపై ఆకు నిలుపుకొనియున్న తుప్ప ఏదైన కనబడినచో, అది ఎండకును మేకకును పరీక్షలో నెగ్గిన మొక్కయని తెలిసికొనవలయును. ఈ పరీక్షలో ఉత్తరాంధ్రమున తఱచు నెగ్గునవి వెంపలి, తంగేడు. వెంపలి చెట్లకు నిచ్చెనలు వేయు కాలము వచ్చునని కలికాలపు మనుష్యుల పొట్టితనమును గూర్చి పెద్దలు చెప్పు మాటయందలి వెంపలి ఇదియే. మోకాలి యెత్తునకు మించని ఈ మొక్క గులకనేలలోనికి లోతుగ తల్లివేరు దింపును. చిక్కుడుజాతిది గనుక వేరుబుడిపెలద్వారా గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకిచ్చును. పశువులు దీనిని ఇష్టపడి మేయవు. వరిపొలములకు పచ్చిరొట్టగ దీనిని కోసికొనిపోవుట పాత వాడుక. తంగేడు నిలువెత్తు తుప్ప; పసుపుపచ్చని పూలతో అందముగ నుండును, దాని పట్ట తోళ్ళు పదును చేయుటకు పనికివచ్చును, పశువులు దీనిని ముట్టుట అరుదు. ఈ రెంటి విత్తనములకును పెంకు గట్టిది. కాగిన నీటిలో కొలది నిమిషములుంచి, చల్లార్చి, ఒక రాత్రి నాననిచ్చి చల్లినచో మొలక సమముగ వచ్చును. మేక సైతము మొగము త్రిప్పుకొను అడ్డసరము, గండిపడిన చోటులకు కొమ్మ నాటిన చాలు నిగిడిపెరుగు వావిలి, ఎండినచోట కంచెగ నిలుచు కిత్తనార ఈ కోవలోనివే.

నేలకు అంటుకొని ప్రాకు చిన్నమొక్కలలో గరికయు, విష్ణుక్రాంతమును, అటికమామిడియు పేర్కొనదగినవి. గరిక వేసవిలో పైకి మాడినట్లుండి, భూమిలోని కణుపులలో ప్రాణము దాచుకొని తొలివానకు తిరిగి లేచును. రోడ్డు కట్టలకును చెరువుగట్లకును ఇంతకంటె మంచిది లేదు గాని, గులక మిక్కుటమైన పడమటి వాలున దీనికి పట్టు చిక్కదు. అటికమామిడి గట్టి తల్లివేరు గలది; కొమ్మలు చుట్టును పఱచుకొనును; కాని ఒక్కొక్క మొక్క నడుమ ఖాళీ మిగులును గనుక ఒంటరిగ నమ్ముకొనదగినది గాదు. ఏ వాలుకైనను ఒక్కజాతిని నమ్ముట అవివేకము. లోతువేరు తుప్ప ఒకటి, గుబురు గడ్డి ఒకటి, నత్రజనినిచ్చు ప్రాకుడు మొక్క ఒకటి, ఈ మూడును కలిసినప్పుడే కప్పు చిరుగక నిలుచును.

గడ్డిజాతులలో ఈ మండలములకు స్వంతమని చెప్పదగినది కొండచీపురు. చీపురుపల్లి అను పేరుగల పట్టణమే విజయనగర మండలమున నుండగా, ఈ గడ్డికి ప్రత్యేకముగ పరిచయము అక్కఱలేదు. శాస్త్రజ్ఞులు థైసనొలీనా అని పిలుచు ఈ గడ్డి వెదురాకువంటి వెడల్పైన ఆకులతో నిలువెత్తు గుబురుగ పెరిగి, శీతకాలపు చివర మెత్తని కుచ్చువంటి కంకులను వేయును. ఆ కంకులే ఇంటింట వాడు చీపుళ్ళు. సవరలు, జాతాపులు అను గిరిజనులు వీనిని కోసి కట్టలు కట్టి సంతలకు దింపుదురు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ కూడ కొనుచున్నది. వాలును కాపాడుటలో దీని గొప్పతనము దాని అల్లిబిల్లి వేళ్ళది. కంకి కోసినను దుబ్బు చెడదు, మఱుసటి వానకు తిరిగి పిలకలు వేయును. ఏటేట రొక్కమునిచ్చు మొక్కను ఎవరును పెఱికివేయరు గనుక, కాపలాదారు లేని కొండలపై ఇది తన కాపలా తానే తెచ్చుకొనునని చెప్పవచ్చును. రెండు లోపములు మాత్రము కలవు. దీనికి కొంత నీడయు, మట్టిలో కొంత తడియు కావలయును; గెడ్డల ప్రక్కలను, తూర్పు వాలులను ఇది బాగుగ పెరుగునంతగ పడమటి మెట్టలపై పెరుగదు. పైగా కంకిని కొడవలితో కోయక దుబ్బుతో లాగినచో వేరు కదలి, ఆ గోతినుండియే గండి మొదలగును.

పడమటి మెట్టకు వట్టివేరు తగినది. ఉశీరమని సంస్కృత వాఙ్మయమున ప్రసిద్ధమై, వేసవిలో తడికెలుగ కట్టి నీరు చల్లగ ఇంటినంతను పరిమళభరితము చేయు ఈ గడ్డి వేళ్ళు ప్రక్కలకు ప్రాకక నిట్టనిలువుగ మూడు మీటర్లకు పైబడి దిగును. పైభాగము నేలకు కప్పు గాదు, కట్ట. ఒకే మట్టమున సాగు సమరేఖవెంట దగ్గఱ దగ్గఱగ నాటిన దుబ్బులు కలిసిపోయి గోడవలె నిలిచి, నీటిని వడగట్టి మట్టిని వెనుకనుంచుకొనును. ఆ మట్టి పేరుకొనిన కొలది గడ్డియు పైకి కణుపులు వేయుచు లేచును గనుక, కొన్నియేండ్లకు వాలు తనంతట తానే మెట్లుగ మాఱును. కర్ణాటకమున రైతులు తరతరములుగ పొలిమేర గట్లపై దీనిని నాటుచుండగా, 1950 దశకమున ఫిజీ చెఱకుతోటలలో దీనిని పరీక్షించిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, ప్రపంచ బ్యాంకు ఉద్యోగియైన రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి 1980 దశకమున భారతదేశమున దీని ప్రచారమునకు పూనుకొనెను. మన యింటి గడ్డిని మనకే తిరిగి పరిచయము చేయుటకు సముద్రములు దాటి రావలసివచ్చినది. దక్షిణాదిని సాగుచేయు రకము విత్తనము కట్టదు గనుక కలుపుగ వ్యాపించునను భయము లేదు. వేళ్ళకు మంచి ధర పలుకుననునదే దీనికి కీడు. అత్తరుకొఱకు వేరు త్రవ్వినచో కట్టను స్వయముగ కూల్చినట్లే. వేరు అమ్ముకొనదలచినవాడు దానిని మైదానమున వేఱుగ పెంచుకొనవలయును.

కట్టల నడుమ నేలను కప్పుటకు స్టైలో మేలైనది. ఉష్ణ అమెరికానుండి వచ్చిన ఈ చిక్కుడుజాతి మేతమొక్క పలుచని మట్టిలో సైతము పెరిగి, రెండుమూడేండ్లలో తన విత్తనము తానే రాల్చుకొని వ్యాపించును. సన్నవిత్తనమును ఇసుకతో కలిపి, పైపైననే పడునట్లు చల్లవలెను. అంగుళము లోతున పడినది మొలవదు. తొలియేడు వాలును ఉత్తగ నుంచక ఉలవలు గాని, పిల్లిపెసర గాని చల్లుట రైతులకు తెలిసిన ఉపాయము. ఉలవ తక్కువ తడితో బ్రతుకుటలో సాటిలేనిది. చిత్త, స్వాతి కార్తెల వాయుగుండపు తడిపై విత్తినను మంచుతోనే పండునని అందురు. ఐనను ఈ రెండును ఏడాది మొక్కలు. వేసవికి నేలను మరల బోడిగ విడుచును గనుక స్టైలో, వెంపలి ఎదుగువఱకు దాది పనికి మాత్రమే వీనిని నియోగించవలెను.

కొండపై చెట్లు కొట్టి కాల్చి చేయు పోడు సేద్యమును నిందించుట చదువుకొనినవారికి అలవాటు. సామలు, చోళ్ళు, గంటెలు, కందులు కలిపి చల్లు పోడుచేనిని అక్టోబరు నెలలో చూచినవారు మాత్రము అంత సులభముగ నిందింపజాలరు: పొట్టి ధాన్యములు కోతకు వచ్చు వేళకు కంది గుబురుకట్టి, గాలివానల కాలమంతయు నేలను కప్పియుండును. దోషము మిశ్రమసేద్యమున లేదు. వేసవిలో కాల్చుటయందును, పూర్వము దీర్ఘకాలము బీడుంచుచుండిన చేనిని నేడు త్వరత్వరగ తిరిగి కొట్టుటయందును ఉన్నది. సవరలు గెడ్డల వెంట రాతిగోడలు పేర్చి కొండను మెట్లుగ మలచి వరి పండించు నేర్పును మానవశాస్త్రజ్ఞులు మెచ్చుకొనియున్నారు. ఆ గోడల రాళ్ళ సందులలో వారు పెరుగనిచ్చు గడ్డియే గోడకు సున్నము. ఏ మొక్క ఏ వాలున నిలుచునో వారికి తెలిసినంత మఱెవరికిని తెలియదు. వారి భాషను నేర్చి 1938లో సవర నిఘంటువును వెలయించిన గిడుగు వెంకటరామమూర్తి శ్రీకాకుళ మండలమువాడే. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని ఊరి కొండలనుగూర్చి ఇట్టి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు ఈ వ్యాసకర్తకు కొంత జంకు లేకపోలేదు.

తోటపంటలలో జీడిమామిడి శ్రీకాకుళ తీరభాగమగు ఉద్దానమునను, మన్యమునను వాలులను ఆక్రమించినది. పోర్చుగీసువారు 16వ శతాబ్దిలో దీనిని దక్షిణ అమెరికానుండి మన పశ్చిమతీరమునకు తెచ్చిరి. నేడు పలాస జీడిపప్పునకు పేరు మోసినది. ఎదిగిన జీడితోపున రాలిన ఆకు మంచి కప్పు. కాని గింజలేరుటకు వీలుగ వేసవికి ముందు చెట్లక్రింద తుప్పలనెల్ల కొట్టి ఆకులను ఊడ్చి కాల్చు వాడుకయున్నది. అందుచే మే నెల ఉఱుములవాన వచ్చు వేళకు నేల సరిగ బోడియగును. చెట్టు చుట్టును మాత్రము శుభ్రము చేసి, వరుసల నడుమ గడ్డిపట్టీలను విడుచుటయే దీనికి మందు. లేతతోటలో తొలి నాలుగైదేండ్లు స్టైలో గాని పిల్లిపెసర గాని తప్పక వేయవలెను. ఉద్దానపు తోటలను 2018 అక్టోబరు 11న తీరము దాటిన తిత్లీ తుపాను నేలగూల్చినప్పుడు, చెట్టు పడిన చోట క్రింద గడ్డి యున్నదా లేదా అనునదే మట్టి మిగులుటకు మూలమని కన్నులార కనబడినది. సీతంపేట కొండలపై ప్రసిద్ధమైన అనాస సమరేఖవెంట నాటినచో ముండ్లకట్టగ పనిచేయును. పైనుండి క్రిందికి వరుసలు పెట్టినచో ఆ వరుసల నడుమ చాళ్ళే కాలువలగును. పసుపు, అల్లము, చిలగడదుంపలు ఆకుతో నేలను చక్కగ కప్పును గాని త్రవ్వకము లేక చేతికి రావు. నిటారు వాలున వానిని పెట్టుట, ఏడాది కూర్చినదంతయు ఒక్కనాడు విదలించుట.

వర్జనీయములు: త్వరగ కప్పునను ఆశతో తేబడిన మొక్క పిమ్మట పీడయగుట క్రొత్త గాదు. మట్టికోత నాపుటకై అమెరికా ప్రభుత్వము 1930 దశకమున నాటించిన కుడ్జు తీగ అచ్చటి దక్షిణ రాష్ట్రములలో తోపులనే మ్రింగినది. మన దేశమున కంచెలకు పెట్టిన నాగజెముడు పొలములనాక్రమింపగా, 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక పురుగును దానిపై వదలిన తరువాత గాని పీడ తగ్గలేదు. నేడు లాంటానా, సర్కారు తుమ్మ, అలంకారమునకై పట్టణములలో నాటు వెడేలియా ఇదే త్రోవలో నున్నవి. నిజమే, ఇవి నేలను కప్పును; ఐనను లాంటానా క్రింద గడ్డి మొలవదు, దానిని కొట్టిననాడు నేల బోడిగ బయటపడును. పట్టణములలో రోడ్డువాలులకు రంగు కావలెనన్న బిళ్ళగన్నేరును, కాగితపుపూలతీగను మించినవి లేవు; రెండును ఎండకోర్చును, బిళ్ళగన్నేరు పశువుల నోటికి రుచింపదు.

అట్లని కప్పే వలదనరాదు; ఆచ్ఛాదన సస్యముల విలువను పెద్దతోటలు నష్టపడి నేర్చుకొనినవి. మలయాలోని రబ్బరుతోటలలో తొలుత చెట్ల నడుమ గడ్డిపరక లేకుండ గీకించుచుండిరి. మట్టి కొట్టుకొనిపోవుట చూచి పిమ్మట చిక్కుడుజాతి తీగలను పఱపించిరి. ఆ తోటలలో గీకిన చేతులలోను, తీగలు నాటిన చేతులలోను మన ఉత్తరాంధ్రమునుండి వలసపోయినవారివి ఎన్నియో యుండెను.

నాటు విధానము: మొదటి పని నాటుట గాదు, మేకలను ఆపుట. రెండు వానకాలములు గడచువఱకు మంద ఎక్కనీయరాదు. ఊరివారందఱు ఒప్పుకొననిదే ముళ్ళకంప నిలువదు గనుక, మేతకు మఱియొక వాలును విడుచునట్లు ముందే మాటలాడుకొనవలయును. కోసి మోసికొనిపోవు మేతకు అభ్యంతరము లేదు. అదే కాలమున నిప్పును కూడ ఆపవలెను. శివరాత్రి తరువాత ఎండుగడ్డి నిప్పురవ్వకొఱకు ఎదురుచూచుచుండును గనుక, అంతకు ముందే వాలు చుట్టును అయిదాఱు అడుగుల వెడల్పున గడ్డి గీకి పట్టీ విడుచుట మేలు.

రెండవ పని సమరేఖలు గీయుట. ఇందులకు ఖరీదైన పనిముట్లు వలదు. మనిషియెత్తు కఱ్ఱలు రెండు తలలు కలిపి కట్టి, నడుమ అడ్డకఱ్ఱ బిగించి, తలనుండి రాయి కట్టిన త్రాడు వ్రేలాడదీసినచో, త్రాడు అడ్డకఱ్ఱ నడిమి గుఱుతుపై నిలిచినప్పుడు రెండు కాళ్ళును ఒకే మట్టమున నున్నట్లు. ఒక కాలిని కదలనీయక రెండవదానిని త్రిప్పుచు పోయి గుఱుతులు పెట్టిన కొండచుట్టు సమరేఖ ఏర్పడును. రెండు రేఖల నడుమ నిలువు ఎడము ఒకటిన్నర మీటరుండవలెను. అనగా క్రిందిరేఖపై నిలుచున్నవాని కంటిమట్టమునకు పైరేఖ రావలెను. మూడు అడుగులకు ఒక అడుగు ఎక్కు వాలున ఇది నాలుగున్నర మీటర్లకొక కట్టయగును.

ఈ రేఖలవెంట వట్టివేరు పిలకలను మూడేసి చొప్పున, జానెడు ఎడముకంటె తక్కువగ నాటవలెను. ఆకును జానెడు, వేరును నాలుగు వ్రేళ్ళు మిగిల్చి కత్తిరించి, పేడనీటిలో ముంచి నాటినచో త్వరగ పట్టును. కందకములు త్రవ్వు విషయమున తొందర పనికిరాదు. గరువు భూములలో సమరేఖ కందకము మేలే చేయును. కుళ్ళిన ఖొండలైటుపై నిటారు వాలున కందకము నిండిన నీరు లోనికి దిగి చరియను జాఱ్చు ప్రమాదముండుటచే, అచట నీటిని బంధింపక వడగట్టు గడ్డికట్టయే క్షేమము. అట్టి వాలును దున్నరాదు, అంతటను త్రవ్వరాదు, గునపముతో మొక్కకు మాత్రము గుంట తీసి, తీసిన మట్టిని దిగువవైపున అర్ధచంద్రముగ పోయవలెను. పై వరుస గుంటలకు క్రింది వరుస గుంటలు ఎడమెడముగ రావలెను గాని నిలువువరుసలో నుండరాదు.

విత్తనము కొట్టుకొనిపోకుండ కాపాడుటకు తాటికమ్మలు, కొబ్బరిమట్టలు చక్కగ పనికివచ్చును. కమ్మలను అడ్డముగ పఱచి, మేకులతో బిగించి, వానిమధ్య విత్తనము చల్లవలెను. మిక్కిలి నిటారైన రోడ్డుచఱియలపై ఉద్దానపు కొబ్బరిపీచుతో నేసిన వలను పఱచినచో, అది కుళ్ళిపోవునప్పటికి గడ్డి దాని పని చేపట్టియుండును. విత్తనమును బంకమట్టి, బూడిద కలిపి ఉండలుగ చుట్టి, వానకు ముందే పొడినేలపై వేయుట ప్రకృతి సేద్యమును అవలంబించిన రైతులలో ఇటీవల వ్యాపించినది. చీమలును పిట్టలును ఏరుకొనిపోకుండుట దీనివలన లాభము.

కాలనిర్ణయము అన్నిటికంటె ముఖ్యము. రోహిణిలో పడు వాన నమ్మదగినది గాదు. దానితో మొలచినది ఎండి చచ్చుట తఱచు. మృగశిర చివర గాని ఆరుద్ర తొలిదినములలో గాని, నేల జానెడు లోతు తడిసిన పిమ్మట నాటవలెను. అచటినుండి అక్టోబరు నడుమ చిత్త కార్తె వఱకు నాలుగు నెలలు మాత్రమే గడువు. ఈ తీరమున మహాతుపానులు ఆ దినములలోనే వచ్చుట పరిపాటి. ఫైలిన్ 2013లోను, హుద్‌హుద్ 2014లోను అక్టోబరు 12వ తేదీననే తీరము దాటినవి. శ్రావణమున నాటిన వాలు ఆ వానను తట్టుకొనజాలదు గనుక, ఆషాఢము దాటినచో ఆ యేటికి కమ్మలు పఱచి ఉలవలు చల్లి, మొక్కలను మఱుసటి యేటికి దాచుకొనుటయే మంచిది.

తొలియేటి అక్టోబరు వానలు వెలిసిన మఱునాడు వాలుపై కాలినడకన తిరుగవలెను. నీరు ఎచట కట్టను దాటినదో అచట గడ్డి ప్రక్కకు వాలియుండును, క్రింద సన్నని చాలు తెఱచియుండును. ఆ చాలు బెత్తెడు వెడల్పున నున్నప్పుడు నాలుగు రాళ్ళును, ప్రక్కదుబ్బునుండి చీల్చిన పిడికెడు పిలకలును చాలును. మఱుసటి యేటికి అది మనిషి దిగునంతటి గండియగును.